ఫైబర్ కాంక్రీట్ బీము: పగిలాక అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో లోడ్ ఎక్కువ ఎందుకొస్తోంది?

ఒంగోలు ఎంటెక్:
అన్నలూ, ప్రాజెక్టు కోసం చీమకుర్తి కంకరతో 150 × 150 × 550 మి.మీ. బీములు పోశాం. క్యూబిక్ మీటరుకు 40 కిలోల స్టీల్ ఫైబర్, కొసలు వంచినవి, పొడవు 60, మందం 0.75 మి.మీ. కింద 25 మి.మీ. గాటు కోశాం. అబాకస్‌లో కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ (కాంక్రీట్ పగిలి బలహీనపడడాన్ని లెక్కించే మోడల్) పెట్టి, కాంక్రీట్ బలం, ఫైబర్ బలం వాటి పాళ్ల ప్రకారం కలిపి టెన్షన్ కర్వ్ (లాగినప్పుడు ఎంత తట్టుకుంటుందో చూపే గీత) ఇచ్చాను. పగులు పడేదాకా ల్యాబ్ గ్రాఫ్‌తో చక్కగా కలుస్తోంది, ఆ తర్వాత మోడల్ పైకే పోతోంది, ల్యాబ్‌లో మాత్రం లోడ్ దిగిపోతోంది. మెష్ (లెక్క కోసం బీమును చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టే తీరు) మారిస్తే జవాబూ మారుతోంది. రివ్యూ దగ్గర పడింది, ఏం చేయాలి?

నెల్లూరు స్ట్రక్చర్స్:
తమ్ముడూ, నువ్వు వేసిన లెక్క పగలకముందు వరకే పనికొస్తుంది. పగిలాక లోడ్ మోసేవి పగులుకు అడ్డంగా ఉన్న ఫైబర్ తీగలు, ఈ రకం తీగలు మామూలు కాంక్రీట్‌లో ఎక్కువగా తెగవు, పట్టు వదిలి కొస వంపు సాగి జారి బయటికొస్తాయి. నువ్వేమో తీగ తెగేంత బలం మొత్తం లెక్కలో వేశావు! ఒక్క తీగ ఎంత జారితే ఎంత లాగుతుందో చూడు, పగులులో ఎన్ని తీగలున్నాయో, ఏ వాలులో ఉన్నాయో చూసి అవన్నీ కలుపు, అప్పుడు వచ్చే స్ట్రెస్‌ను పగులు వెడల్పుతో ఇవ్వు. స్ట్రెయిన్‌తో (పొడవులో ఎంత వంతు సాగిందో దానితో) ఇస్తే పగులంతా ఒక్క వరస ఎలిమెంట్లలోనే పడి, ఎలిమెంట్ చిన్నదైన కొద్దీ ఖర్చయ్యే ఎనర్జీ తగ్గుతుంది. మెష్ గొడవ అక్కడిదే.
ముందు విరిగిన బీము తీసుకుని రెండు ముఖాల మీదా పొడుచుకొచ్చిన తీగలు లెక్కపెట్టు. 40 కిలోలంటే ఘనపరిమాణంలో సుమారు 0.5 శాతం, అన్ని దిక్కులకూ సమంగా పడితే 150 × 125 కోతలో దాదాపు 106 ఉండాలి.

ఒంగోలు ఎంటెక్:
థాంక్స్ అన్నా, రేపే లెక్కపెడతాను. ఒక్క తీగను లాగి చూసే ఏర్పాటు మా ల్యాబ్‌లో లేదు, ఎలా?

నెల్లూరు స్ట్రక్చర్స్:
అయితే వెనక నుంచి రా. పగులు నోరు 0.5, 2.5 మి.మీ. తెరుచుకున్నప్పుడు ల్యాబ్‌లో వచ్చిన లోడ్‌కు మోడల్ కలిసేదాకా కర్వ్ సర్దు. కొన్ని బీములు మాత్రం పక్కన ఉంచు, సర్దిన కర్వ్‌ను వాటి మీద పరీక్షించు.

కృష్ణపట్నం సైట్:
ఒక మాట. ఆ కర్వ్‌ను తిన్నగా స్లాబుకు వాడొద్దు. 150 మందం స్లాబులో 60 మి.మీ. తీగలు నిటారుగా నిలబడే చోటు తక్కువ, చాలావరకు పడుకునే ఉంటాయి. మూడు దిక్కులకూ సమంగా పడితే ఓరియంటేషన్ ఫ్యాక్టర్ (తీగల వాలును బట్టి పగులుకు అడ్డంగా ఎన్ని పడతాయో చెప్పే గుణకం) 0.5, పూర్తిగా పడుకుంటే 0.64. పైగా వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే తీగలు కిందికి దిగుతాయి, అందుకే ఎలా పోశారో కూడా థీసిస్‌లో రాయి.