కాలువ కట్ట రోడ్డు గురించి మా ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగితే "పరిశీలనలో ఉంది" అన్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

కట్టమీది ఊరు (నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్తే. మాది కాలువ ఆయకట్టు కింద ఊరు. మెయిన్ రోడ్డెక్కాలంటే కాలువ కట్ట మీది బాటే దిక్కు. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క లోతున పొలాలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు చక్రం కట్ట అంచుకు దించి ఆగాల్సిందే. రెయిలింగ్ లేదు. మలుపు కాడ ఎవరో రెండు రాతి కడీలు పాతి సున్నం కొట్టారు, అంతే. పత్తి ఏరే రోజుల్లో, మిరప తోటలకు పోయే రోజుల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు ట్రాలీల్లో, ఆటోల్లో కిక్కిరిసి ఈ కట్ట మీదే పోతారు. 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలంలో కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టర్ పడి 15 మంది పోయారు. అవి గుర్తొస్తే మా అమ్మ పనికి పోయి తిరిగొచ్చే దాకా నాకు టెన్షనే.

మా ఎమ్మెల్యే గారు దీని మీద ప్రశ్న వేశారు, అందుకు ఊరంతా సంతోషపడ్డాం. జవాబు కాగితం వాట్సాప్‌లో వచ్చింది. ప్రమాదాలు జరుగుతున్న మాట వాస్తవమేనా అంటే "అవునండి". రక్షణ గోడ కట్టే ప్రతిపాదన ఉందా అంటే "పరిశీలనలో ఉందండి". ఎప్పటిలోగా కడతారు అంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు". మనుషులు పోతున్నారని ఒప్పుకున్నాక ఎప్పుడు అన్న ప్రశ్న ఎందుకు ఉత్పన్నం కాదో నాకైతే అర్థం కాలేదు. కాలువ వాళ్లను అడిగితే కట్ట మాది, రోడ్డు మాది కాదంటారు. రోడ్డు వాళ్లు కట్ట మీద చెయ్యి పెట్టే అధికారం మాకు లేదంటారు. ఈ జవాబుకు విలువేమైనా ఉందా? ముందుకు ఎట్లా పోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్ రోడ్

అన్నా, కాగితాలతో పనికాదు. ఊరంతా కదిలి మెయిన్ రోడ్డు మీద కూర్చోండి, కలెక్టర్ వచ్చేదాకా లేవకండి. మా దగ్గర మోరీ కూలిపోతే అట్లనే చేశాం, వారంలో పైపులు దిగాయి.

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్

నేను ఒక శాఖలో అసెంబ్లీ ప్రశ్నలు చూసే సెక్షన్‌లో పనిచేశాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పైన తమ్ముడి బాధ నాకు తెలుసు, కానీ ఆ జవాబును పారెయ్యకండి. ప్రశ్న అసెంబ్లీ నుంచి శాఖకు వస్తుంది, అక్కడి నుంచి ఈఎన్‌సీకి, ఎస్ఈకి, ఈఈకి, ఇట్లా పెద్ద ఇంజనీరు నుంచి మెట్టు మెట్టు దిగి, చివరికి మీ మండలం చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) టేబుల్ మీదకు వస్తుంది. ఆయన రాసిచ్చిన వివరమే మళ్లీ పైకెక్కుతుంది, ఎక్కేకొద్దీ కత్తిరించి కత్తిరించి సభలో పెట్టే నాటికి రెండు ముక్కలు మిగులుతాయి. నోటితో జవాబు చెప్పే ప్రశ్నైతే, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేసినప్పుడు మంత్రిగారు తడుముకోకూడదని వెనక వేరే నోట్ పెడతాం. కట్ట పొడవెంత, ఖర్చెంత కావచ్చు, ప్రమాదాలెన్ని, అన్నీ అందులో ఉంటాయి. అంటే మీ కట్ట పేరు మీద ఈరోజు ఒక ఫైలు పుట్టింది. దాన్ని పట్టుకోండి.

అది స్టార్ గుర్తున్న ప్రశ్నా, లేనిదా చూసుకోండి. స్టార్ ఉంటే మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి, దాని మీద అక్కడికక్కడే ఇంకా అడగొచ్చు. లేకపోతే రాతపూర్వక జవాబుతో సరి. మీ కాగితం చూస్తే రెండోదే అనిపిస్తోంది. జీరో అవర్‌లో (సభ్యులు తమ దగ్గరి సమస్యలు ఎత్తే సమయం) లేచి మాట్లాడినా మంత్రి "నోట్ చేసుకున్నాం" అని కూర్చోవచ్చు.

ఇక అడిగే తీరు. ప్రతిపాదన ఉందా అని అడిగితే పరిశీలనలో ఉంది అనే వస్తుంది, ఆ ప్రశ్నకు అంతకంటే జవాబు రాదు. ఎస్టిమేట్ ఏ తేదీన వేశారు, ఎంతకు వేశారు, పరిపాలనా అనుమతి జీవో నంబరెంత, రాకపోతే ఫైలు ఏ స్థాయిలో ఆగింది అని అడగమనండి. అప్పుడు తేదీలు, అంకెలు రాయక తప్పదు. పరిపాలనా అనుమతి, ఆ తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు, ఇదీ వరస. మీది మొదటి మెట్టు కూడా ఎక్కినట్టు లేదు. బడ్జెట్ సమావేశాల్లో నీటిపారుదల పద్దు చర్చకు వచ్చే రోజు ఉంటుంది, ఎమ్మెల్యే ఆ రోజు ఇదే ఎత్తితే డబ్బు మాట నేరుగా వస్తుంది.

ఇంకొకటి. పార్లమెంటులో "పరిశీలనలో ఉంది" అన్న మాటను హామీ కింద లెక్కగడతారు, మూడు నెలల్లో తీర్చాలి. మన శాసనసభకూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఈ జవాబును కమిటీ ముందు పెట్టమని మీ ఎమ్మెల్యే చేత లెటర్ రాయించండి. చాలామంది సభ్యులు ప్రశ్న వేసి అక్కడితో వదిలేస్తారు, నా సర్వీసులో నన్ను బాగా బాధపెట్టింది అదే.

పాలమూరు బిడ్డ (కొత్తకోట దిక్కు)

పెద్దాయన చెప్పింది బాగుంది, కానీ గోడ ఒక్కటే అడిగితే సగమే అడిగినట్టు. ఆడవాళ్లు ట్రాలీ ఎందుకెక్కుతున్నారు? పొద్దున అయిదింటికి బస్సు లేక. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు, మంచిదే, బస్సు రాని ఊళ్లో అది ఎవరికి పనికొస్తుంది? సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించొద్దని చట్టం ఉంది, దారిలో పోలీసులు ఆపి ఫైన్ రాస్తే అది చివరికి కూలీల మీదే పడుతుంది. అందుకని రవాణా మంత్రికి వేరే ప్రశ్న పడాలి, సీజన్‌లో ఫలానా ఊళ్లకు తెల్లవారుజామున ట్రిప్పు వేస్తారా అని. ఒకే ప్రశ్నలో రెండు శాఖలు కలిపితే ఎవరూ సరిగ్గా చెప్పరు.

రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి. మా దిక్కు 44వ నంబర్ జాతీయ రహదారి. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును గుద్ది తగలబడి 45 మంది సజీవ దహనమయ్యారు. ఇలాంటి రోడ్డు మీద పనులకు రాష్ట్ర మంత్రి దగ్గర డబ్బుండదు, కేంద్రాన్ని అడగాలి, అంటే ఎంపీ లోక్‌సభలో లేవాలి. 500 మీటర్ల లోపల మూడేళ్లలో 5 పెద్ద ప్రమాదాలు గానీ 10 మరణాలు గానీ ఉంటే కేంద్రం లెక్కలో అది బ్లాక్ స్పాట్. మీది జాతీయ రహదారి కాదు కాబట్టి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెట్టించండి. కాలువ వాళ్లను, రోడ్డు వాళ్లను ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టమని అక్కడ అడగొచ్చు.

కట్టమీది ఊరు

అందరికీ చాలా థ్యాంక్స్. సార్, మీరన్నట్టు అది స్టార్ లేని ప్రశ్నే, కాగితం మీద చూశాను. ఆదివారం ఎమ్మెల్యే గారు ఊరికి వస్తున్నారు, హామీల కమిటీకి లెటర్ డ్రాఫ్ట్ మేమే రాసి సంతకానికి పెడతాం. బస్సు ప్రశ్న కూడా రాసిస్తాం, ఏ ఊరి నుంచి ఎంతమంది పోతారో మహిళా సంఘం వాళ్లు లెక్క తీస్తున్నారు. ధర్నా మాట కూడా ఊళ్లో వచ్చింది, ముందు ఇది చూద్దామన్నారు పెద్దలు. ఒక్క డౌట్, ఎస్టిమేట్ కాపీ కోసం ఆర్టీఐ (సమాచార హక్కు అర్జీ) సర్పంచ్ పేరు మీదే వెయ్యాలా?

రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్

అక్కర్లేదు, నీ పేరు మీదే వెయ్యి. డివిజన్ ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసుకైతే 5. ఎస్టిమేట్ కాపీతో పాటు "అసెంబ్లీ ప్రశ్నకు జవాబు కోసం పంపిన నివేదిక, ఫైలు నోటింగ్స్" అని స్పష్టంగా రాయి, లేకపోతే జవాబు కాగితమే మళ్లీ చేతిలో పెడతారు. అర్జీ ఇచ్చినప్పుడు తేదీతో రసీదు తీసుకో. 30 రోజుల్లో రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యాలి, దానికి ఫీజు లేదు.