మట్టి రన్‌వే: గ్లో ఇంజన్‌లోకి దుమ్ము పోకుండా ఏం చేయాలి?

మట్టిబాట_46:
నాది రేడియోతో నడిపే మోడల్ విమానం. ఇంజన్ 46 సైజు (0.46 ఘనపు అంగుళాలు) టూ స్ట్రోక్ గ్లో, అంటే మిథనాల్ ఇంధనం వేడి ప్లగ్ తీగతో మండేది. ఏబీసీ రకం: అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి లైనర్ (పిస్టన్ జారే గొట్టం). హై వింగ్ ట్రైనర్ (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల విమానం) ముక్కున, కౌల్ (ఇంజన్ మీది కప్పు) లేకుండా బిగించి ఉంది. ప్రొపెల్లర్ 11 బై 6 (వ్యాసం 11 అంగుళాలు, పిచ్ అంటే ఒక్క చుట్టుకి ముందుకు పోయే దూరం 6 అంగుళాలు), చక్రాలు 65 మి.మీ. ఎగరేసే చోట గడ్డి లేదు, అంతా మట్టి నేల, పైన పిండిలాంటి దుమ్ము పొర. సుమారు 30 ట్యాంకులు నడిచింది. కొత్తలో చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ తిప్పితే పిస్టన్ పైకొచ్చే చోట గట్టిగా పట్టేసేది. ఇప్పుడు ఆ పట్టు లేదు, తేలిగ్గా దాటిపోతోంది. ఐడిల్ (నెమ్మది పరుగు) నిలవడం లేదు, నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సర్దే సూది) ఎంత సర్దినా రెండో ఫ్లైటుకి మళ్లీ తేడా వస్తోంది. చేత్తో నెమ్మదిగా తిప్పితే వెనక వైపు నుంచి సన్నగా కరకర వినిపిస్తోంది. కార్బురేటర్‌కి (గాలి, ఇంధనం కలిపే భాగానికి) గాలి ఫిల్టర్ పెట్టాలా? పెడితే పవర్ పోతుందా? ఇప్పుడున్న ఇంజన్ పనికొస్తుందా?

నీడిల్‌వాల్వ్:
ముందు కరకర సంగతి. టూ స్ట్రోక్ గ్లో ఇంజన్‌లో గాలి కార్బ్ (కార్బురేటర్) నుంచి నేరుగా సిలిండర్‌లోకి పోదు. బోలుగా ఉండే క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) గుండా క్రాంక్‌కేస్‌లోకి (ఆ ఇరుసు ఉండే ఇంజన్ డొక్కలోకి) దిగి, అక్కడి నుంచి పక్క పోర్టుల్లోంచి పైకెక్కుతుంది. షాఫ్ట్ దాటగానే ఆ గాలికి ఎదురయ్యేది వెనక బాల్ బేరింగే. అందుకే దుమ్ము తిన్న ఇంజన్‌లో బేరింగ్ గోల, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే పట్టు) తగ్గడం తరచూ జంటగా వస్తాయి. మట్టిలోని ఇసుక నుసి అల్యూమినియం పిస్టన్ కన్నా చాలా గట్టిది. ఇంధనంలోని ఆయిల్‌తో కలిసిందంటే అది గ్రైండింగ్ పేస్టే. ఏబీసీలో లైనర్ లోపలి బోరు పైభాగంలో కొద్దిగా ఇరుకై ఉంటుంది, మీరు చెప్పిన పట్టు అక్కడిదే. ముందు అరిగేదీ అక్కడే.

46 ఇంజన్ అంటే 7.5 సీసీ. 12,000 ఆర్‌పీఎం దగ్గర లెక్క కడితే నిమిషానికి దాదాపు 90 లీటర్ల గాలి. పైకి లేచాక ఆ గాలి శుభ్రంగానే ఉంటుంది. ఇంజన్‌ని తినేది నేల మీద గడిపే ఆ ఒకటి రెండు నిమిషాలే. కాబట్టి ఫిల్టర్ కన్నా ముందు నేల సంగతి చూడండి.

స్టార్ట్ చేయడం, నీడిల్ సర్దడం, ముక్కు పైకెత్తి ఫుల్ థ్రాటిల్‌లో చూడడం, అన్నీ నడుమెత్తు స్టాండ్ మీదే అయిపోవాలి. రన్‌వే మొదట్లో 6 మి.మీ. ప్లైవుడ్ షీటు, 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పుది పరచండి. రెండోసారి స్టార్ట్ చేసేది దాని మీద, పరుగు మొదలయ్యేదీ దాని మీద నుంచే. బరకం కూడా పనిచేస్తుంది గానీ నాలుగు మూలలా, ముందు అంచు పొడవునా మేకులు దిగ్గొట్టాలి. లేకపోతే అంచు లేచి ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. షీటు ముందు రెండు మూడు మీటర్ల మేర పూలకుండీ క్యాన్‌తో 10 లీటర్ల నీళ్లు చల్లండి. నేల తడవాలి, బురద కాకూడదు.

విమానం కదలకుండా ఉండగా ఫుల్ థ్రాటిల్ ఇస్తే ప్రొపెల్లర్ కింద చిన్న సుడిగాలి లేస్తుంది. ఇసుక దారంలా పైకి లేచి ప్రొపెల్లర్ వైపు రావడం పక్కన కూర్చుని చూస్తే కంటికి కనిపిస్తుంది. థ్రాటిల్ మెల్లగా తెరిస్తే ఇంజన్ పూర్తి జోరు అందుకునేసరికి విమానం ముందుకు పోయి ఉంటుంది, దుమ్ము వెనకే మిగిలిపోతుంది. చక్రాలు 65 నుంచి 90 మి.మీ. కి మారిస్తే ముక్కు 12 మి.మీ. పైగా లేస్తుంది. 11 బై 6 బదులు 10 బై 7 వేస్తే ఇంకో 12 మి.మీ. దాకా కలిసొస్తుంది. దిగాక నడుపుకుంటూ వెనక్కి తేకండి. వేగం తగ్గగానే ఇంజన్ ఆపి చేత్తో తెచ్చుకోండి.

ఫిల్టర్ మాత్రం నేను వద్దనే అంటాను. తడిసిన ఫిల్టర్ గాల్లో నీడిల్ సెట్టింగ్ మార్చేస్తుంది.

ఫోమ్‌కప్పు:
నీడిల్‌వాల్వ్ గారూ, నేల గురించి మీరన్నదంతా ఒప్పుకుంటాను, ఫిల్టర్ గురించి మాత్రం కాదు. తడిసేది ఫోమ్ కార్బ్ నోటికి అతుక్కుని ఉంటేనే. టూ స్ట్రోక్ కార్బ్ కొంత ఇంధనాన్ని బయటికి ఉమ్ముతుంది. ఫోమ్‌ని 15 నుంచి 20 మి.మీ. ఎత్తున సిలికాన్ గొట్టం మీద కూర్చోబెడితే ఆ తుంపర గొట్టంలోనే ఆగి మళ్లీ లోపలికే పోతుంది.

మట్టిబాట గారూ, టీ వడపోత లాంటి జాలీ మీద ఆశ పెట్టుకోకండి. అది గడ్డిపోచనీ, రాయి ముక్కనీ ఆపుతుంది. పిండిలాంటి దుమ్ముకి ఆ కన్నాలు వీధి తలుపుల్లాంటివి. ఆయిల్ పట్టించిన ఓపెన్ సెల్ ఫోమ్ (గాలి గుండా పోయే కన్నాలున్న స్పాంజి) కావాలి, 8 నుంచి 10 మి.మీ. మందం. కార్బ్ బోరు 8 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం 50 చదరపు మి.మీ. ఫోమ్ ముఖం దానికి కనీసం పది రెట్లుండాలి, అంటే 25 మి.మీ. వ్యాసం కన్నా తగ్గకూడదు. అంతకన్నా చిన్నదైతే ఇంజన్‌కి ఊపిరాడదు, పవర్ పోయేది అప్పుడే. ఫోమ్ ముక్కని ముందుగా గ్లో ఇంధనంలో ఒక రాత్రి నానబెట్టండి. ఉబ్బినా, చిటికెతో నలిపితే పొడైనా అది పనికిరాదు. చిన్న తునక ఊడి కార్బ్‌లోకి పోయినా థ్రాటిల్ ఇరుక్కుంటుంది. జిప్ టైతో బిగించాక థ్రాటిల్ ఆర్మ్ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందో లేదో చూసుకోండి.

ఫిల్టర్ పెట్టగానే మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే గాలి తగ్గి ఇంధనం పాలు ఎక్కువవుతుంది. హై నీడిల్‌ని (పూర్తి జోరులో ఇంధనాన్ని సర్దే సూదిని) ఒక్కో క్లిక్కు మూస్తూ మళ్లీ సర్దాలి. దీనికన్నా ముఖ్యం: ఫిల్టర్ తీసి ఎగరేయాలనుకున్న రోజు ముందు నీడిల్ తెరిచి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. మరిచిపోతే ఇంజన్ లీన్‌లో (ఇంధనం తక్కువై) నడిచి వేడెక్కుతుంది. దుమ్ము నెల రోజుల్లో చేసే చెరుపు ఒక్క ఫ్లైటులో జరిగిపోతుంది.

ఐదారు ఫ్లైట్లకోసారి ఫోమ్‌ని సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరనిచ్చి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, కారకుండా గట్టిగా పిండి పెట్టండి.

మట్టిబాట_46:
ఇద్దరికీ థాంక్స్. ఇంకో సంగతి. దిగేటప్పుడు ముక్కు నేలకి కొట్టుకుని, కార్బ్ నిండా మట్టి పడితే అక్కడికక్కడ ఏం చేయాలి?

బ్యాక్‌ప్లేట్:
అన్నా, మొదటి మాట: ప్రొపెల్లర్‌ని వేలితో కూడా తిప్పొద్దు. మట్టి కార్బ్‌లో ఉన్నంతసేపు అది మట్టే. ఒక్క చుట్టు తిరిగితే బేరింగ్‌లోకీ, లైనర్ గోడకీ చేరిపోతుంది. స్టార్టర్ పెట్టి ఊదిపోతుందిలే అనుకుంటే ఇంజన్ మీద ఆశ వదులుకోవడమే.

కార్బ్ నోట్లో, మఫ్లర్ కొసలో గుడ్డ కుక్కి ఇంటికి తెచ్చుకో. గుడ్డ తీయకుండానే పాత టూత్ బ్రష్‌తో, మిథనాల్‌తో బయట అంతా కడుగు. చేతికి గ్లౌజులు ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఆ తర్వాత కార్బ్, మఫ్లర్, గ్లో ప్లగ్, వెనక మూత విప్పు. ముందుగా ఆ వెనక మూత లోపలి వైపు వేలు రాసి చూడు. వేలికి గరుకు తగిలిందంటే మట్టి అంతదాకా వచ్చినట్టే. ఇంజన్‌ని వెనక వైపు కిందికి ఉండేలా పట్టుకుని షాఫ్ట్ బోలులోంచి ఇంధనం పోసి వెనక నుంచి కారనివ్వు. కింద తెల్ల గిన్నె పెట్టు, అడుగున నుసి కనిపిస్తుంది. నుసి రావడం ఆగేదాకా పోస్తూ ఉండాల్సిందే, అప్పుడే మొదటిసారి తిప్పాలి. కార్బ్ విడిగా విప్పి కడుగు. నీడిల్ పూర్తిగా తీసేముందు ఎన్ని చుట్లు తెరిచి ఉందో రాసుకో.

ఇప్పుడున్న ఇంజన్ సంగతి. ప్లగ్ తీసి సిలిండర్‌లో నాలుగైదు చుక్కల ఆయిల్ వేసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ప్లగ్ బిగించి చూడు. పట్టు తిరిగొచ్చి, కాసేపటికి మళ్లీ పోతే పిస్టన్, లైనర్ అరిగినట్టు. రెండూ జతగా మార్చాలి, ఒకటే మార్చితే కుదరదు. తిప్పేటప్పుడు ప్లగ్ అడుగు దగ్గర బుడగలొస్తే తప్పు వాషర్‌ది, అదృష్టం. వెనక బేరింగ్ మాత్రం మార్చాల్సిందే. షాఫ్ట్ తీసేసి క్రాంక్‌కేస్‌ని ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి చెక్క మీద తడితే దానంతట అదే జారి పడుతుంది. ఇంట్లో వంట చేసే ఓవెన్ వాడొద్దు.

నీడిల్ నిలవకపోవడానికి ఇంకో కారణం ఇంధనంలో మట్టి. నింపే పంపు గొట్టం కొస నేల మీద పడేస్తే మర్నాడు ఆ నుసి స్ప్రేబార్‌లో (కార్బ్‌లో ఇంధనం చిమ్మే సన్న గొట్టంలో) ఉంటుంది. నింపే లైన్‌లో ఒక ఫిల్టర్, గొట్టం కొసకి మూత పెట్టు. రోజు ఎగరేయడం అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్‌లో నాలుగు చుక్కల ఆయిల్ వేసి తిప్పాక కార్బ్ నోటికీ మఫ్లర్‌కీ బిరడాలు కొట్టు. ఆయిల్ తడితో తెరిచి వదిలేసిన కార్బ్ కారు డిక్కీలో కూడా దుమ్ము పట్టుకుంటుంది.

రీడ్‌వాల్వ్:
పెట్రోలు ఇంజన్ల వాళ్లకి ఒక్క మాట. డయాఫ్రమ్ కార్బ్ (లోపలి పల్చటి పొర కదలికతో ఇంధనాన్ని సర్దేది) మూత మీద సూదిమొనంత రంధ్రం ఉంటుంది, గాలి ఒత్తిడి తెలియడానికి. దుమ్ము, ఆయిల్ కలిసి అది మూసుకుపోతే మిశ్రమం దారి తప్పుతుంది, సూదులు ఎంత తిప్పినా దొరకదు. పంపు వైపు మూత కింద చిన్న జాలీ కూడా ఉంటుంది, సీజన్‌కోసారి విప్పి చూడండి. కార్బ్ ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు గోడ) వెనక ఉంటే గాలి కన్నం చక్రాల వైపు కాకుండా ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్లు) పైవైపు తెరవండి. ఫోర్ స్ట్రోక్ అయితే బ్రీదర్ గొట్టం (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయేది) కొస చక్రాల దగ్గర వేలాడనివ్వకండి, అది ఊదడమే కాదు, కొంచెం పీలుస్తుంది కూడా.

ఫోమ్‌కప్పు:
మట్టిబాట గారూ, కొత్త లైనర్ వేశాక పాత ప్రొపెల్లర్ ముందు అంచు మీద గోరు జరిపి చూడండి. ఇసుక కొట్టిన గాట్లు తగిలితే మార్చేయండి, బ్యాలెన్స్ తప్పిన ప్రొపెల్లర్ కొత్త బేరింగ్‌ని కూడా తొందరగానే తినేస్తుంది.