అల్యూమినియం పెడితే సీఎన్‌సీ కీచుమంటోంది, పైపుల్లో ఇసుక పోయనా?

ఇంట్లో కట్టుకున్న సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ నడిపే కోత మిషన్. బేస్ ఉక్కు బాక్సు పైపులు, గ్యాంట్రీ (కోసే తలను మోసే అడ్డ దూలం) అల్యూమినియం ప్రొఫైల్. చెక్క బాగానే కోస్తోంది, అల్యూమినియం పెడితే మాత్రం ఒకటే అరుపు, అంచంతా చారలు. ఇసుక పోస్తే ఆగుతుందా అన్నా?

↳ ఇసుక వణుకును తొందరగా చంపుతుంది కానీ వంగడాన్ని ఆపదు తమ్ముడూ, రెండూ వేరు. ముందు డయల్ గేజ్ (సన్న కదలికను కొలిచే ముల్లు మీటర్) పెట్టి స్పిండిల్‌ని (కోత బిట్టును తిప్పే మోటారు) చేత్తో నెట్టు, ఎక్కడ కదులుతోందో అదే చెప్తుంది. కిందికి వేలాడే పొడవు సగం చేస్తే వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

↳ ఉక్కు అల్యూమినియం కన్నా దాదాపు 3 రెట్లు బిగువు, కానీ గంటలా మోగుతుంది. నేను గ్రానైట్ చిప్స్‌లో ఎపాక్సీ (గట్టిపడే జిగురు) కలిపి పైపులో పోశా, సుత్తితో కొడితే టంగుమనే పైపు ఇప్పుడు టప్పంటోంది.

↳ గేజ్ పెట్టా. గ్యాంట్రీ కాదు, జెడ్ క్యారేజీ (స్పిండిల్‌ని పైకీ కిందికీ జరిపే భాగం) చక్రాలు లూజు! తెచ్చిన ఇసుక అమ్మ పూలకుండీల్లో పోసేసింది.