మా ప్రైవేట్ రోడ్లను టౌన్ తీసుకుంటుందట, ఒప్పుకోవాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి

మలుపు_ఇల్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా టౌన్‌లో ప్రైవేట్ రోడ్లు చాలానే ఉన్నాయి, ఇళ్ళు కట్టేటప్పుడు డెవలపర్లు వేసి వెళ్ళిపోయినవి. మా వీధీ అలాంటిదే. 22 ఇళ్ళు, చివర మూసుకుపోయే వీధి. ఇన్నేళ్ళూ గుంత పడితే ఇంటికింత అని వేసుకుని మేమే పూడ్పించుకుంటున్నాం. ఇప్పుడు ఇలాంటి రోడ్లన్నిటినీ పబ్లిక్ రోడ్లుగా తీసుకోవాలా వద్దా అన్నది కౌన్సిల్ ముందుకొచ్చింది. ముందు సభ పెట్టి జనం మాట వింటారట, తర్వాత ఊరివాళ్ళ ఓటింగ్.

నా బాధ సూటిగా చెప్తాను. ఆస్తి పన్ను మేమూ అందరితో సమానంగానే కడతాం. పక్క వీధిలో లైటు పోతే ఒక్క ఫోన్‌కి మనిషొస్తాడు, మాకు మాత్రం "అది ప్రైవేట్ రోడ్డండీ, మాకు సంబంధం లేదు" అంటారు. మూడేళ్ళుగా చందాలు వసూలు చేసేది నేనే. వెళ్ళిన ప్రతిసారీ అయిదారు ఇళ్ళవాళ్ళు ఇవ్వరు. ఒకాయన "మా ఇల్లు మొదట్లోనే ఉంది, చివరిదాకా రోడ్డు నేనెందుకు బాగుచేయించాలి" అని గుమ్మం దగ్గరే నిలబెట్టి అడిగాడు. ఎదురుపడితే మొహం తిప్పుకునే దాకా వచ్చింది వ్యవహారం.

ఇంకొకటి. వీధి మొదట్లో మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే రెండు వేళ్ళ ఎత్తు లేచి ఉంటుంది, మేం ఇల్లు కొన్నప్పటి నుంచీ అంతే. పోయిన నెల వానకి నీళ్ళు నిలిచి అది కనపడక, ఎదురింటి పెద్దావిడ కాలు తగిలి పడిపోయారు. మణికట్టు విరిగింది. ఆ మూత ఎవరిది, బాధ్యత ఎవరిది అంటే ఇప్పటికీ జవాబు చెప్పే మనిషి లేడు. చందాల పుస్తకం నా దగ్గరే ఉంది కదా, రేపు నన్నే అడుగుతారేమో అని ఒకటే టెన్షన్.

అందుకే అవునని ఓటేయాలనే ఉంది. కానీ మా వీధిలోనే కొందరు "టౌన్ చేతికి పోతే మన మాట చెల్లదు" అని భయపెడుతున్నారు, పబ్లిక్ వీధుల్లో ఉండేవాళ్ళేమో "మీ రోడ్ల ఖర్చు మా నెత్తిన ఎందుకు" అంటున్నారు. ఇలాంటిది చూసినవాళ్ళు ఉంటే చెప్పండి, ఏం పోగొట్టుకుంటాం, ఏం అడగాలి?

కంకర_పొర:

నేను రోడ్ల పనిలోనే ఉన్నాను. మీరు రాసిందాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఆ మ్యాన్‌హోల్ మూత.

లేఅవుట్లలో తారు రోడ్డు మామూలుగా రెండు విడతల్లో వేస్తారు. ఇళ్ళ పని నడిచినంత కాలం బరువు లారీలు తిరుగుతాయి కాబట్టి ముందు కింది పొర వేసి ఆపుతారు, ఇళ్ళన్నీ అయ్యాక పై పొర. చాలాచోట్ల మ్యాన్‌హోల్ ఫ్రేమ్ మాత్రం మొదట్లోనే చివరి ఎత్తుకి బిగించేస్తారు, పై పొర పడగానే మూతా రోడ్డూ సమానమవుతాయి. మీ దగ్గర రెండు వేళ్ళ తేడా ఇన్నేళ్ళుగా అలాగే ఉందంటే, నా అనుమానం, డెవలపర్ పై పొర వేయకుండానే వెళ్ళిపోయాడు. డ్రైన్ జాలీలు కూడా అదే ఎత్తులో ఉన్నాయేమో చూడండి. ఉంటే వాన నీళ్ళు వాటిలోకి ఎక్కలేక చుట్టూ నిలుస్తాయి. పెద్దావిడ పడిన చోట నీళ్ళు నిలవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. ఇన్నాళ్ళూ మీరు చందాలు వేసుకుని అతుకులు వేయించింది అసలు పూర్తే కాని రోడ్డుకి.

కింది పొరలో రాయి పెద్దది, సందులు ఎక్కువ, నీళ్ళు లోపలికి దిగుతాయి. కంకర నానిందంటే పైన తారు ఎంత మంచిదైనా నిలవదు. మొసలి చర్మంలా చిన్న చిన్న గళ్ళుగా పగుళ్ళు కనిపిస్తున్నాయా మీ వీధిలో? అలా ఉన్నచోట గుంత పూడ్చడం దండగ, కిందిదాకా తవ్వి మళ్ళీ వేయాలి.

కాబట్టి ఓటింగ్ కంటే ముందు అడగాల్సింది కోర్ కటింగ్. వీధిలో నాలుగైదు చోట్ల గుండ్రంగా కోసి తీస్తారు, చేతి మందాన స్తంభంలా వస్తుంది, తారు ఎంత మందం, కింద కంకర ఉందా మట్టే ఉందా అంతా కళ్ళెదుట కనిపిస్తుంది. డ్రాయింగులో రాసింది ఒకటి, కోర్‌లో బయటపడేది ఇంకొకటి, నేను చాలాసార్లు చూశాను. టౌన్ ఇంజినీరు ఇది చేయించకుండా సంతకం పెడితే ఆయన తన పని చేయనట్టే.

అగ్నిమాపక బండి సంగతి మర్చిపోవద్దు, మీది మూసుకుపోయే వీధి కదా. చాలాచోట్ల వాడే అంతర్జాతీయ ఫైర్ కోడ్ ప్రకారం ఆ బండి వెళ్ళే దారి కనీసం 20 అడుగుల వెడల్పు ఉండాలి, 150 అడుగులు దాటిన మూసిన వీధి చివర బండి తిరగడానికి చోటుండాలి. లేకపోతే టౌన్ తీసుకోనంటుంది, అది మొండితనం కాదు, మంటలార్పడానికి వచ్చినవాళ్ళు రాత్రిపూట వెనక్కి నడుపుకుంటూ బయటికి రావాల్సిన పరిస్థితి.

ఇక చివరిది. మీ కాగితాల్లో డెవలపర్ బాండ్ ఏమైందో వెతకండి. ఇంగ్లండ్‌లో 1980 హైవేస్ చట్టం సెక్షన్ 38 కింద డెవలపర్ రోడ్డు కట్టి అప్పగిస్తానని ఒప్పందం రాసుకుంటాడు, మామూలుగా బాండ్ కూడా పెడతాడు, మధ్యలో చేతులెత్తేస్తే ఆ డబ్బుతో పని పూర్తి చేయించొచ్చు. ఇలాంటి హామీ పద్ధతి చాలా దేశాల్లో ఉంది. మీ దగ్గర హామీ తీసుకుని, పై పొర పడకముందే వదిలేసి ఉంటే, తప్పులో టౌన్‌కీ వాటా ఉన్నట్టే. సభలో అది గట్టిగా అడగండి.

పక్క_వీధి_మనిషి:

నేను అవతలి వైపు మాట్లాడతాను, ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి. మాది పబ్లిక్ రోడ్డు. రిపేరు కోసం ఎనిమిదేళ్ళుగా మా వీధి జాబితాలో ఉంది, ఇంకా మా వంతు రాలేదు. రేపు మీలాంటి రోడ్లన్నీ ఒక్కసారిగా వచ్చి చేరితే జాబితా పెరుగుతుంది, డబ్బు మాత్రం అంతే ఉంటుంది. మా వంతు ఇంకా వెనక్కి పోతుంది. మీ పెద్దావిడకి జరిగింది చదివి నిజంగా బాధేసింది, కానీ మా వీధిలోనూ పెద్దవాళ్ళున్నారు.

ఇల్లు కొన్నప్పుడు కాగితాల్లో ప్రైవేట్ రోడ్డు అని ఉండే ఉంటుంది కదా. పై పొర ఎగ్గొట్టి డెవలపర్ మిగుల్చుకున్నది ఇప్పుడు ఊరంతా కట్టాలా? ఈ గొడవ కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు జనం నడిచే దారిని బాగుచేసే భారం మామూలుగా ఆ పారిష్ మీదే, అంటే ఆ ఊరి మీదే పడేది. ఎవరో దారి వేసి జనానికి వదిలేస్తే మోసేది ఊరు. 1835 హైవే చట్టంతో దాన్ని ఆపారు, కొత్త దారిని పద్ధతి ప్రకారం తీసుకుంటేనే ఊరి బాధ్యత అన్నారు. 1892లో ఇంకో చట్టం వచ్చింది, కౌన్సిల్ వీధిని సరిగ్గా వేయించి ఆ ఖర్చు వీధికి ఆనుకుని ఉన్న యజమానుల దగ్గర రాబట్టొచ్చని. నాకు అది న్యాయంగా అనిపిస్తుంది. ఒక్కసారి మీ ఖర్చుతో రోడ్డు సరైన స్థితికి తెండి, ఆ తర్వాత ఎప్పటికీ అందరం కలిసి చూసుకుందాం. అలా అయితే నేనే చెయ్యెత్తి ఓటేస్తాను. ఉన్నది ఉన్నట్టు తీసుకోమంటే మాత్రం వద్దంటాను.

మాజీ_సెక్రటరీ:

మా అసోసియేషన్‌కి సెక్రటరీగా ఉండి ఈ పని మొదలు నుంచి చివరిదాకా చేశాను. పక్క వీధి వారు చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటా. ఒప్పుకోని సగం ఏంటంటే, మీ వీధిలో చెత్త బండి తిరుగుతుంది, స్కూలు బస్సు తిరుగుతుంది, రోడ్డు అరిగేది ఎక్కువగా వాటివల్లే. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీల్ని అదేపనిగా తిప్పి ఒక పెద్ద పరీక్ష చేశారు, ఆషో రోడ్ టెస్ట్ అంటారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు అని దాన్నుంచే తేలింది. అంటే మీ 22 ఇళ్ళ కార్లు నెలల తరబడి తిరిగినా చేయని నష్టం ఆ చెత్త బండి ఒక్కటి వచ్చిపోతే చేయగలదు. ఊరి సేవల బండ్లు వాడుకునే రోడ్డుని "మీ సొంత రోడ్డు" అనడం ఎంతవరకు సబబు?

మలుపు ఇల్లు గారూ, పోగొట్టుకునేది ఏంటి అని అడిగారు. రోడ్డు మీద మీ పెత్తనం పోతుంది. గేటు ఉంటే తీసేయాలి. బయటి బండి మీ ఇంటి ముందు ఆపినా, నిబంధనలకి లోబడి ఉంటే, మీరేం అనలేరు. రేపు పక్క పొలం లేఅవుట్ అయితే మీ మూసిన వీధి చివర తెరిచి దాంట్లోకి కలిపేసే వీలు టౌన్‌కి వస్తుంది. మావాళ్ళకి ఇది ముందే చెప్పలేదు, తర్వాత నేను చాలా మాటలు పడ్డాను. ఇదంతా వద్దనుకుని కావాలనే ప్రైవేట్‌గా ఉంచుకున్నవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1888లో వేసిన పోర్ట్‌ల్యాండ్ ప్లేస్, వెస్ట్‌మోర్‌ల్యాండ్ ప్లేస్ ఇప్పటికీ అక్కడి ఇళ్ళవాళ్ళ సొంతమే. అంత స్తోమత, అంత కట్టుబాటు ఉంటే సరే. అయిదారు ఇళ్ళు చందా ఇవ్వని వీధికి అది కుదిరే పని కాదు.

ఉన్నట్టే వదిలేస్తే ఏమవుతుందో కూడా చెప్తా. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రెసిడియో టెరస్ అనే ఖరీదైన ప్రైవేట్ వీధి ఉంది. ఆ వీధి నేల మీద పన్ను ఏడాదికి 14 డాలర్లు. నోటీసులు పాత అడ్రసుకి పోతూ ఉన్నాయి, ఎవరూ కట్టలేదు. 2015లో నగరం ఆ వీధిని వేలం వేస్తే ఎవరో సుమారు 90 వేల డాలర్లకి కొనుక్కున్నారు, ఇళ్ళవాళ్ళకి ఆ సంగతి తెలిసింది 2017లో! ఆ ఏడాది చివర్లో నగర పాలకులు ఓటింగ్ పెట్టి అమ్మకం రద్దు చేశారనుకోండి. ఇంతకీ మీ వీధి నేల ఎవరి పేరు మీద ఉంది? డెవలపర్ పేరా, అసోసియేషన్ పేరా, ఎవరి ఇంటి ముందు ముక్క వాళ్ళదా? ముందు అది తేల్చుకోండి. మాకు రోడ్డు పని కంటే ఈ సంతకాలకే ఎక్కువ కాలం పట్టింది. ఒక యజమాని చనిపోయారు, వారసులు నలుగురు నాలుగు చోట్ల, ఒక్కొక్కరి వెంట పడి తెచ్చాను. వాన నీటి కాల్వ ఎవరి పెరట్లోంచైనా పోతుంటే దానికి కూడా హక్కు రాసివ్వాలి, చాలామంది రోడ్డు రాసిచ్చి కాల్వ మర్చిపోతారు.

దారి_మధ్య:

అవును, కాదు అని రెండే లేవు, మధ్యలో ఇంకో దారి ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రాష్ట్ర చట్టం టౌన్లకి ఒక వెసులుబాటు ఇచ్చింది, రోడ్డుని పూర్తిగా తీసుకోకుండానే, జనానికి తెరిచి ఉన్న ప్రైవేట్ దారుల మీద తాత్కాలిక రిపేర్లు చేయొచ్చు, మంచు తీయొచ్చు, అందుకు టౌన్ ముందుగా ఓటు వేసి ఒప్పుకోవాలి. మీ దగ్గర చట్టం ఏం అంటుందో కనుక్కోండి. పెద్ద ఓటింగ్ తేలేలోపు కనీసం ఆ మూత సరిచేయడానికైనా ఇలాంటిది పనికొస్తుంది.

పక్క వీధి వారికి ఒక మాట. డబ్బు అంతే ఉంటుంది అనేది అన్నిచోట్లా నిజం కాదండీ. అదే రాష్ట్రంలో రోడ్లకిచ్చే నిధుల్ని టౌన్లకి పంచే పాత సూత్రంలో 58 శాతం పైగా డబ్బు టౌన్ ఒప్పుకున్న రోడ్ల పొడవుని బట్టే. పబ్లిక్ రోడ్డు పొడవు పెరిగితే వచ్చే వాటా కూడా కొంత పెరుగుతుంది. మొత్తం ఖర్చు దాంతో తీరిపోదు, కానీ లెక్కలో వేసుకోవాల్సిందే.

పక్క_వీధి_మనిషి:

ఈ నిధుల సంగతి నాకు తెలియదు, మా దగ్గర ఎలా ఉందో సభలో అడుగుతాను. పై పొర ఖర్చు ఎవరిదన్న దగ్గర మాత్రం నా మాట మారదు.

మలుపు_ఇల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే స్కేలు పట్టుకుని వెళ్ళి కొలిచాను. మూత మూడున్నర సెంటీమీటర్లు ఎత్తుంది. కంకర పొర గారు చెప్పినట్టే రెండు డ్రైన్ జాలీలు కూడా అంతే ఎత్తులో ఉన్నాయి, చుట్టూ ఎండిన బురద గుండ్రంగా గీత గీసినట్టు ఉంది. ఇన్నేళ్ళు రోజూ దాని పక్కనుంచే నడిచాను, ఎందుకలా ఉందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఎదురింటి ఆవిడకి ఫొటో తీసి పంపాను, ఆవిడ కూడా సభకి వస్తానన్నారు, చేతికి కట్టు ఇంకా ఉంది.

పక్క వీధి గారూ, మీ కోపం నాకు అర్థమైంది. ఉన్నది ఉన్నట్టు తీసుకోమని నేను అడగను. బాండ్ దొరికితే ఆ డబ్బు, దొరకకపోతే పై పొర ఖర్చు మా 22 ఇళ్ళమీద విడతలుగా వేసి, ఆ తర్వాతే తీసుకోమని అడుగుతాను. చందా ఇవ్వని ఆ అయిదారు ఇళ్ళు కూడా అప్పుడు తప్పించుకోలేవు, నిజం చెప్పాలంటే నాకు అదే పెద్ద ఊరట. గేటు మాకెలాగూ లేదు. వీధి చివర తెరిచే విషయం మాత్రం మావాళ్ళందరికీ ఇంటింటికీ వెళ్ళి ముందే చెప్తాను.

మాజీ సెక్రటరీ గారూ, ఒక్క సందేహం. కాల్వ మా వీధిలో మూడు పెరళ్ళ గుండా పోతుంది, అందులో ఒకటి చందా ఇవ్వనన్న ఆయనదే. ఆయన హక్కు రాసివ్వనంటే మొత్తం ఆగిపోతుందా, లేక టౌన్ తనంతట తాను ఆ హక్కు తీసుకోవచ్చా?

మాజీ_సెక్రటరీ:

చాలాచోట్ల పరిహారం ఇచ్చి తీసుకునే అధికారం ఉంటుంది, కానీ టౌన్లు అంతదూరం వెళ్ళడానికి ఇష్టపడవు, కాలయాపన. ముందు మీరే వెళ్ళండి, చందా పుస్తకం లేకుండా వెళ్ళండి. ఆ కాల్వ పూడిపోతే ముందు మునిగేది ఆయన పెరడే కదా, అది చూపించి మాట్లాడండి. మా దగ్గర ఒప్పుకోనన్న ఇద్దరూ అలాగే ఒప్పుకున్నారు.