రెండో తరగతి పిల్లోడికి కృష్ణదేవరాయల గురించి ఎలా చెప్పాలి?

తిరుపతి అమ్మ:
స్కూల్లో తలా ఒక నాయకుణ్ణి ఎంచుకుని, ఏదో ఒకటి చేసి తెచ్చి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. మావాడు రాయలవారు అన్నాడు. సంతోషమే, కానీ వాడికి తెలిసిన రాయలు తెనాలి రామకృష్ణుడి చేతిలో రోజూ బోల్తాపడే అమాయకుడు. పుస్తకం చదివిద్దామంటే 'సామ్రాజ్యం', 'దండయాత్ర' దగ్గరే ఆగిపోయి నాలుగు లైన్లకే నిద్రపోతున్నాడు. అట్టముక్క కిరీటం తప్ప నాకేమీ తట్టలేదు. వచ్చే సోమవారానికి కావాలి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ టీచర్:
కిరీటం వద్దమ్మా. తిరుమల కొండమీద గుడి మహాద్వారం దాటగానే కుడిపక్క మండపంలో రాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు చేతులు జోడించి ఉంటాయి కదా, ఆయన తలమీద ఉన్నది పొడుగాటి టోపీ, కుళ్ళాయి అంటారు. చార్టును శనక్కాయల పొట్లంలా చుట్టి, పాత పెళ్లికార్డుల్లో బంగారు రంగు ముక్కలు కత్తిరించి అతికించండి. గుడికి తీసుకెళ్తే ముందే చెప్పి భుజానికెత్తుకోండి, లేదంటే క్యూ తోపులాటలో వాడికి పెద్దాళ్ల వీపులే కనిపిస్తాయి.
చదవడానికి పుస్తకం పెట్టకండి, మీరే పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాయండి. రాయలు 1513లో మొదటిసారి దర్శనానికి వచ్చినప్పుడు స్వామికి ఇచ్చినవాటిలో 25 వెండి హారతి పళ్లేలు ఉన్నాయి. నేను మా పిల్లలతో వెండిరంగు పేపర్ ప్లేట్లు 25 లెక్కపెట్టించి వరసగా పేర్పించేదాన్ని, ఆ అంకె ఇక మర్చిపోరు.

ఇద్దరు పిల్లల నాన్న:
మావాడికి పట్టింది వేరే సంగతి. రాయల కాలంలో హంపి చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ రాశాడు, రాజు రోజూ తెల్లారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే పట్టించుకుని, మట్టితో చేసిన బరువులెత్తి, చెమట పట్టేదాకా కత్తి తిప్పి, కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవాడట. బంకమట్టితో రెండు బరువులు చేయించాను, ఇల్లంతా మట్టి, ఇంట్లో నాకు తిట్లు. నూనె మాత్రం తాగనివ్వకండి.
తెనాలి కథలు మానిపించొద్దు. కథలు పసుపు కాగితం మీద, నిజంగా జరిగినవి తెల్లకాగితం మీద రాయించండి, తేడా వాడికే తెలుస్తుంది.

చంద్రగిరి వాసి:
కోటకు తీసుకురండి, శుక్రవారం తప్ప, ఆరోజు మ్యూజియం సెలవు. అయితే రాజమహల్ చూపించి "ఇది రాయల ఇల్లు" అనకండి, ఇక్కడ చాలామంది పెద్దాళ్లే అలా చెప్పేస్తారు. ఆయన 1529లోనే పోయాడు. 1565 యుద్ధంలో విజయనగరం సైన్యం ఓడి, హంపి పాడయ్యాక రాజధాని పెనుకొండకు, ఆ తర్వాతే చంద్రగిరికి మారింది.

తిరుపతి అమ్మ:
అందరికీ థాంక్స్. కుళ్ళాయి అయిపోయింది, మూడడుగులుంది, వాకిట్లోకి వంగి రావాల్సి వస్తోంది. చెల్లెల్ని తిరుమలదేవిగా నిలబెడదామంటే ఒప్పుకోలేదు, తనకీ ఆ టోపీయే కావాలంట. ఇంకో చార్టు తేవాలి.