ఈ వారం సమస్య: "అర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె"

నిర్వాహకుడు:

జూన్‌లో పిల్లలతో, మా అమ్మతో కలిసి పదహారు రోజులు నార్వే తిరిగి వచ్చాను. ఓస్లోలో రైలెక్కి మీర్‌దాల్‌లో దిగాం. అక్కడి నుంచి ఫ్లామ్ లోయలోకి కొండరైలు 20 కిలోమీటర్లలో దాదాపు 865 మీటర్లు కిందికి దిగుతుంది. తర్వాత బెర్గెన్, అక్కడి నుంచి తీరం వెంట ఓడలో లొఫోటెన్ దీవులు, చిట్టచివర నార్త్ కేప్. ఒక్క దేశమేనా ఇది అనిపించింది. రెండు రోజులకొకసారి కొండ మారింది, తిండి మారింది, వెలుతురు మారింది.

అమ్మ తన చేతి గడియారాన్ని ఇంటి సమయానికే ఉంచుకుంది. "సూర్యుడు కుంకకపోతే సందె దీపం ఎప్పుడు పెట్టాలిరా?" అని లొఫోటెన్‌లో అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. చివరికి తన గడియారంలో ఆరు కాగానే, అంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నరకు, కిటికీ దగ్గర చిన్న బ్యాటరీ దీపం వెలిగించి దండం పెట్టుకుంది. బయట కళ్లు చెదిరే ఎండ. ఆ దీపం వెలుగుతున్నదో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూడవలసి వచ్చింది.

నార్త్ కేప్‌లో 307 మీటర్ల కొండ అంచున నిలబడినప్పుడు ఈ పాదం తట్టింది (అర్కుఁడంటే సూర్యుడు). ఇది నాలుగో పాదంగా అమరేలా ముందు మూడు పాదాలు రాసి పూరించండి.

మధూకం:

నార్వె కొసను జేరి నడిరేయి నిలుచుండఁ
గడలి మీఁద బంతి కదల కుండె
చలికిఁ దాళలేక చంటిది చంకెక్కె
నర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె

ఏటిగట్టు:

మధూకం గారూ, మూడో పాదం చాలా బాగుంది. ఎండ కాస్తున్నా చలి తగ్గదన్న సంగతి చంటిదాని చేత చెప్పించారు. రెండో పాదంతోనే నాకు పేచీ. నేను దక్షిణ నార్వేలోని స్టావెంజర్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, ప్రతి వేసవిలో ఉత్తరాదికి వెళతాను. అక్కడ సూర్యుడు ఆగడు. పడమటి నుంచి వాలుతూ ఉత్తర దిక్కుకు వస్తాడు, నీటిని ముట్టుకోకుండానే మళ్లీ పైకి లేస్తాడు. జూన్ మూడో వారంలో నార్త్ కేప్‌లో బాగా కిందికి దిగినప్పుడు కూడా చాచిన చేతికి మూడు వేళ్ల ఎత్తున ఉంటాడు. కాబట్టి:

గడలి నంటకుండఁ గదలె బంతి

మధూకం:

ఈ సవరణను మనసారా స్వీకరిస్తున్నాను. నేను ఫొటోలు చూసి రాశాను, మీరు చూసి రాశారు.

కొండగాలి:

అసలు ధ్రువం దాకా వెళ్లనక్కరలేదు.

మార్చ మఱచినాఁడ మణికట్టు గడియార
మోస్లొ వీథిలోన నుండి చూడ
నింట నమ్మ కపుడు నిద్దుర ముంచెత్తె
నర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె

వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. ఇక్కడ పన్నెండైతే అక్కడ ఎనిమిదిన్నర. జూన్‌లో ఓస్లోలో పొద్దు గుంకేది పదిన్నర దాటాకే.

నిర్వాహకుడు:

అర్ధరాత్రిని ఆకాశం నుంచి దించి గడియారంలో పెట్టారు. మా అమ్మకు చదివి వినిపించాను. "నా గడియారం సంగతి ఆయనకెవరు చెప్పారు?" అంది.

మధూకం:

విరుపు అద్భుతం, కాదనను. కానీ కొండగాలి గారూ, నిరుడు వెనిస్ సమస్యకు ("వీథిలోన నోడ వెడలి పోయె") నేను అక్కడి పడవను 'గొండొల' అని రాస్తే "చివరి దీర్ఘం ఏ కాలువలో మునిగింది?" అని అడిగింది మీరే. ఇప్పుడు 'ఓస్లొ' ఎలా వచ్చింది?

కొండగాలి:

గొండొల వస్తువు పేరు, ఓస్లో ఊరి పేరు. రెండూ ఒకటి కావు. పైగా మీరు ఇవాళే 'నార్వె' అన్నారు.

మధూకం:

అన్నాను. అప్పుడూ తప్పనలేదు, ఇప్పుడూ అనడం లేదు. తప్పన్నది మీరు.

నిర్వాహకుడు:

సంస్కృతంలోని రమా తెలుగులోకి వచ్చి రమ అయింది. ఊరైనా పడవైనా ఆ దారినే రావచ్చునని నా అభిప్రాయం. ఇద్దరూ నిర్దోషులు.

ఏటిగట్టు:

బస్సు కొండఁ జొచ్చెఁ బదునైదు మైళ్లుండెఁ
గన్ను పొడిచికొన్నఁ గానరాదు
గుహను నీలి వెలుఁగు కొసఁ బసుపు వెలిఁగె
నర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె

ఇది లేర్‌డాల్ సొరంగం. 2000లో తెరిచారు, పొడవు 24.5 కిలోమీటర్లు. ఇరవై నిమిషాలు ఒకే తీరుగా సాగే దారిలో డ్రైవరుకు కునుకు పట్టకుండా మధ్యలో మూడు చోట్ల పెద్ద గుహలు తొలిచి నీలి దీపాలు అమర్చారు. వాటి అడుగున పసుపు కాంతి. కొండ లోపల తెల్లవారినట్టే ఉంటుంది.

కొండగాలి:

మూడో పాదం వెలిగింది. చివరి రెండు గణాలూ అన్నీ లఘువులే, బస్సు జారినట్టు సాగాయి. అయితే సొరంగంలో దారి పొడవునా దీపాలుంటాయి కదా, 'కన్ను పొడిచికొన్న' అతిశయం. అదీగాక చీకటిని అర్ధరాత్రి అనాలంటే 'వంటి' అనే అర్థం ఎక్కడో ఒకచోట పలకాలి.

ఏటిగట్టు:

అతిశయమని ఒప్పుకుంటాను. 'వంటి' అవసరం లేదు. చీకటినే అర్ధరాత్రి అన్నాను, అది రూపకం.

అలలతీరం:

ఎండు చేఁప వాస నెదురు వచ్చినయంత
నమ్మ యూరి సంత యనుచు నవ్వె
గుంజలందు మిగులు తలకాయ లెండంగ
నర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె

కొండగాలి:

మూడో పాదం: మొదటి అక్షరం గు, దానితో కలవాల్సిన నాలుగో గణం మొదటి అక్షరం త. యతి ఏది?

అలలతీరం:

నిజమే, జారింది. పొద్దుటి నుంచి ఆ పాదం దగ్గరే కూర్చున్నాను. 'గుంజ' వదలబుద్ధి కాలేదు.

మధూకం:

వదలండి, అంతకంటే మంచి మాట మీ ఇంట్లోనే ఉంది:

దండెములను మిగులు తలకాయ లెండంగ

నిర్వాహకుడు:

దండెమే సరైన మాట. అక్కడ దుంగలను అడ్డంగా కట్టి, కాడ్ చేపలను తోకలు జతచేసి వేలాడదీస్తారు. ఉప్పు వేయరు. ఫిబ్రవరి నుంచి మే దాకా గాలికీ చలికీ ఆరుతాయి. మేము వెళ్లేసరికి చాలా దండేలు ఖాళీ, కొన్నింటి మీద తలలు గుత్తులుగా వేలాడుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఎండుటాకుల్లా గలగలమన్నాయి. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అమ్మ మాత్రం నవ్వుతూ ఒక దండెం కింద చాలాసేపు నిలబడింది. అలలతీరం గారూ, చూడకుండానే ఎలా రాశారు?

అలలతీరం:

మాది సముద్రం ఒడ్డు ఊరు. ఆ వాసన ఎదురైతే మా అమ్మయినా అదే అంటుంది.

తొలకరి:

ఇక్కడ ఇదే నా మొదటి పూరణ. పెద్దలు దిద్దగలరు.

బెర్గెనందుఁ బగలు పెనువాన ముసురాయె
గొడుగు లోనె మాకుఁ గూడు నీళ్లు
పడవ యెక్కి మేము పైదెసఁ బోవంగ
నర్ధరాత్రి వేళ నర్కుఁ డొప్పె

కొండగాలి:

'ముసురాయెఁ' అని అరసున్న పెట్టాలి. 'గొడుగు లోనె' కాదు, గొడుగు కిందనే తింటారు.

నిర్వాహకుడు:

అరసున్న పెట్టుకుందాం. 'లోనె' మాత్రం ఉండనివ్వండి. బెర్గెన్‌లో మూడు రోజులూ మేము గొడుగులోనే బతికాం. బ్రిగ్గెన్ రేవులో పాత చెక్క ఇళ్ల మధ్య సందులో, చూరు నీళ్లు ధారలు కడుతుంటే, ఒకే గొడుగులో నలుగురం నిలబడి చేపల పులుసు తాగాం. పగలు లేని సూర్యుడు రాత్రి ఎదురు వచ్చాడన్నది ఇంతవరకు ఎవరికీ తట్టలేదు, అక్కడే ఉన్న నాకూ తట్టలేదు. తొలకరి గారూ, ఈ వారం గెలుపు మీదే.

మధూకం:

మనస్ఫూర్తిగా అభినందనలు. మొదటి పూరణకే కొండగాలి గారి చేతిలో ఒక్క అరసున్నతో బయటపడినవారు ఇంతకుముందు లేరు.

కొండగాలి:

నిజమే, లేరు. తొలకరి గారూ, రాస్తూ ఉండండి. మధూకం గారూ, గొండొల మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పద్యంలో మూడో పాదానికి యతి లేదన్న మాట మాత్రం తీసుకోవడం లేదు.