ఒకే దర్శకుడు, ఒకే కథ: ఒకదానికి చప్పట్లు, ఇంకొకదానికి చీవాట్లు

నైట్ షో:
జార్జ్ స్లూయిజర్ 1988లో తీసిన డచ్ సినిమా ‘స్పూర్‌లోస్’ మొన్న ఆదివారం చూశాను. రెక్స్, సాస్కియా అనే ప్రేమజంట ఫ్రాన్స్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర కారు ఆపుకుంటారు. కోలా, బీరు కొనుక్కొస్తానని లోపలికి వెళ్ళిన సాస్కియా ఇక రాదు. మూడేళ్ళయినా రెక్స్ వెతుకుతూనే ఉంటాడు. ఇదే కథను స్లూయిజరే 1993లో హాలీవుడ్‌లో ‘ద వానిషింగ్’గా తీస్తే విమర్శకులు ఉతికి ఆరేశారు. అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పాతదానికి మూడున్నర నక్షత్రాలిచ్చి, కొత్తదానికి ఒక్కటే ఇచ్చారు. ముగింపు మార్చినందుకేనా ఇంత కోపం? నాకైతే ముగింపు దాకా అక్కర్లేదు, కొత్తదాని మొదటి అరగంటకే విసుగొచ్చింది.

మూడో వరుస:
సినిమా చూడనివారు నా జవాబు వదిలేయండి. పాతదానిలో సాస్కియాకు ఏమైందో తెలుసుకోవాలన్న పంతంతో మత్తుమందు కలిపిన కాఫీని రెక్స్ తెలిసే తాగుతాడు. కళ్ళు తెరిచి లైటర్ వెలిగిస్తే మట్టి కింద పెట్టెలో ఉంటాడు. కొత్తదానిలో కొత్త ప్రియురాలు వచ్చి కాపాడుతుంది. ఆ మాత్రానికి కాఫీ తాగడం దేనికి?

చాక్‌పీసు:
నేను ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను. పాతదానిలో హంతకుడు లెమోర్న్ కూడా మా సబ్జెక్టువాడే, ఏం చేస్తాం! క్లోరోఫాం తన మీదే ప్రయోగించుకుని ఎంతసేపు స్పృహ ఉండదో లెక్క కడతాడు, నాడి చూసుకుని పుస్తకంలో రాసుకుంటాడు. అచ్చం మా ప్రాక్టికల్ రికార్డే. ఇంకో చోట ఊరి బయట ఇంట్లో భార్యాపిల్లలు ఆటగా కేకలు పెడతారు. తర్వాత ఈయన పొరుగాయనను ఏమైనా వినిపించిందా అని అడుగుతాడు. వినిపించలేదంటాడు. నాకు చేతులు చల్లబడ్డాయి.
పాతదానిలో డొనాద్యూ ఆ హంతకుడి పాత్రను పక్కింటి మాస్టారిలా చేశాడు. కొత్తదానిలో అదే పాత్ర చేసిన జెఫ్ బ్రిడ్జెస్ మంచి నటుడే, కానీ ఆ వింత యాసతో ‘నన్ను అనుమానించండి’ అని ముందే చాటింపు వేశాడు. మీ విసుగు అక్కడిదే.

మూడో వరుస:
పాతదానిలో సాస్కియాగా చేసిన యోహన్నా తెర్ స్టేగె కనిపించేది కాసేపే. అయినా మొదటి యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ సహాయ నటి ఆమే. ఆస్కార్‌కు మాత్రం ఫ్రెంచి మాటలు ఎక్కువయ్యాయని ఈ సినిమాను డచ్ ఎంట్రీగా తీసుకోలేదు!

నైట్ షో:
ఆ కేకల సన్నివేశం ఏదో ఇంటిల్లిపాది సరదా అనుకుని ఫోను చూసుకున్నాను మాస్టారూ. ఈ రాత్రికి మళ్ళీ పెడతాను.